అవ్వ చిట్టా పుస్తకంలో అంబాసిడర్

2023 ఎండాకాలంలో కారు కాగితాల కోసం జమ్మికుంటలో మా ఇంటి రేకుపెట్టె తెరిచాను. బాపు పోయి అప్పటికి ఏడేళ్లయింది. పెరట్లో రేకుల షెడ్డు కింద ఆయన అంబాసిడర్ కదలకుండా ఉంది. "తూకానికి ఇచ్చేద్దాం, జాగన్న ఖాళీ అయితది" అని హైదరాబాదు నుంచి అన్న ఫోను చేశాడు. అవ్వ ఔననలేదు, కాదనలేదు. ఆర్సీ పుస్తకం పెట్టె అడుగున దొరికింది. దాని కింద అవ్వ చిట్టా పుస్తకాలు ఉన్నాయి.

ఎర్రగుడ్డ అట్ట వేసిన పొడుగాటి పుస్తకాలు. బాపు లెక్కలు రాసే అడ్తి దుకాణంలో మిగిలిపోయినవి ఇంటికొచ్చేవి. అవ్వ ఏడో తరగతి దాకా చదువుకుంది. పాలు, బియ్యం, బడి ఫీజులు, చీటీ పైసలు ఆమె అక్షరాల్లో వరుసగా ఉన్నాయి. వాటి మధ్యనే కారూ ఉంది. "పాలు 4 లీటర్లు. గ్రీజు అరకిలో. కిరసనాయిలు 1 లీటరు. పెద్దోని ఫీజు." ఇంకో పేజీలో "పాయింట్లు తెచ్చిండు." దాని కిందే "కింద అంతట గ్రీజు పెట్టినం." 1993 నుంచి 2011 దాకా ఇట్లాగే. పప్పుకూ ప్లగ్గులకూ ఆమె వేరే పద్దులు పెట్టలేదు. ఆ పేజీలు తిరగేస్తుంటే 1999 మార్చి నెలలో రెండే మాటలు కనిపించాయి: "బెల్టు మార్చిన."

నేను సాహిత్యంలో డాక్టరేటు చేసినదాన్ని. క్రియాపదాల దగ్గర ఆగడం అలవాటు. మా కరీంనగర్ వైపు 'పెట్టిండు' అంటే అతను పెట్టాడు, 'పెట్టినం' అంటే మేము పెట్టాము, 'పెట్టిన' అంటే నేను పెట్టాను. చివర సున్న ఉంటే మేము, లేకపోతే నేను. బడిలో ఈ రూపాలు రాస్తే ఎర్ర సిరాతో దిద్దేవాళ్లు. పరీక్షలో తప్పయిన ఆ భాషే ఇక్కడ ఎవరు ఏ పని చేశారో చెబుతోంది. పద్దెనిమిదేళ్ల పుస్తకాల్లో కొన్నవన్నీ 'తెచ్చిండు'. చేసినవి చాలావరకు 'పెట్టినం', 'కడిగినం', 'బిగించినం'. ఆ ఒక్కచోట మాత్రం 'మార్చిన'. కానీ 'మార్చిన' విశేషణం కూడా కావచ్చు. మార్చిన బెల్టు ఖరీదు రాయబోయి ఆపేసిందేమో! పత్రం తనంత తాను సాక్ష్యం కాదని పరిశోధనలో నేర్చుకున్నాను. అడగాలి. అడగడానికి ముందు మా ఇంటి ఆదివారాల్ని నేను మళ్లీ గుర్తుచేసుకోవాల్సి వచ్చింది.

*

అంబాసిడర్ చరిత్ర అందరికీ తెలిసిన చరిత్రే. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్ 1942లో పుట్టింది. గుజరాత్‌లోని ఓఖా రేవు దగ్గర మొదలై, 1948లో పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాకు మారింది. ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ పేరుతో తయారైన కారునే 1957-58 నుంచి అక్కడ అంబాసిడర్‌గా తయారుచేశారు. 1489 సీసీ పెట్రోలు ఇంజను, నాలుగు సిలిండర్లు. మార్క్ టూ, త్రీ, ఫోర్ అని పేర్లు మారాయి, ముందరి జాలీ మారింది, కడుపులో ఉన్నది పెద్దగా మారలేదు. 1983 డిసెంబర్‌లో మారుతి వచ్చేదాకా మనుషులు ఏళ్లకేళ్లు వరుసలో నిలబడి దీన్ని కొన్నారు. 2014 మే 24న ఉత్తరపారాలో ఉత్పత్తి ఆగింది. తొమ్మిది రోజుల తర్వాత తెలంగాణ రాష్ట్రం వచ్చింది. 2017లో ఆ పేరును ఫ్రాన్సు కంపెనీ ప్యూజో 80 కోట్లకు కొనుక్కుంది.

ఈ చరిత్రలో మంత్రులున్నారు, కలెక్టర్లున్నారు, బిర్లాలున్నారు. ఇళ్లు లేవు. కానీ ఈ కారు అంతకాలం బతికింది ఇళ్లలోనే. అందుకు దాని ఒడ్డూపొడుగూ నిర్మాణమే కారణం. ఇంజను ముందు నిలువుగా ఉంటుంది, చుట్టూ చేతులు పట్టేంత ఖాళీ. దాని వెనక గేరుబాక్సు, అక్కడి నుంచి బండి పొట్ట కింద పొడవాటి షాఫ్టు, వెనక ఇరుసు మధ్యలో క్రౌను, పినియను. శక్తి ముందు పుట్టి వెనక చక్రాలకు చేరే దారి మొత్తం కంటికి కనిపిస్తుంది. ఎక్కడ చప్పుడు వస్తే అక్కడ పడుకుని చూడొచ్చు. మారుతిలో ఇంజను, గేరుబాక్సు అన్నీ ముందే ఇరుక్కుని ముందు చక్రాల్నే తిప్పుతాయి. ఈనాటి కార్లకు కంప్యూటరు తగిలిస్తే గానీ జబ్బు తెలియదు. అంబాసిడర్‌కు అరడజను పానాలు, జాకీ, గ్రీజుగన్ను, చెవి ఉంటే చాలు.

మాది 1978 మోడల్. 1993లో బాపు దాన్ని పాతబడ్డాకే కొన్నాడు. అవ్వ రెండు తులాల గొలుసు అమ్మితే గానీ డబ్బు సరిపోలేదు. చిట్టాలో అదీ ఉంది. గొలుసు పద్దు పక్కనే కారు పద్దు. ఊళ్లో మాత్రం అది బాపు కారు.

*

జమ్మికుంట కాజీపేట-బల్హార్షా రైలు దారి మీది ఊరు. పెద్ద పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు, బియ్యం మిల్లులు. సీజనులో యార్డు బయట పత్తి బండ్ల వరుస రోడ్డు మీదికి వచ్చేది. లారీలు, ట్రాక్టర్లు ఉన్నచోట షెడ్లు ఉంటాయి కాబట్టి మెకానిక్కులకు కొదవ లేదు. అయినా ప్రతి చిన్నదానికీ షెడ్డుకు పోయే జీతం కాదు బాపుది. అందుకని మా ఆదివారాలు వేపచెట్టు కింద గడిచేవి.

బాపు పాత లుంగీ కట్టుకుని బండి కిందికి దూరేవాడు. అన్న పానాలు అందించేవాడు. ఆ కారు నట్లు చాలావరకు అంగుళాల కొలతవి, మిల్లీమీటర్ల పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. "అది గాదురా, పక్కది" అని బాపు కింది నుంచి అరిచేవాడు. అవ్వ కిరసనాయిల్లో నట్లూ బోల్టులూ కడిగి, ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వరుసలోనే గోనెపట్టా మీద పరిచేది. నేను బ్యాటరీ లైటు పట్టుకునేదాన్ని.

టాపెట్లు సరిచేసే రోజు ఇల్లంతా పనే. ప్లగ్గులు విప్పేస్తే ఇంజను తేలికవుతుంది. అవ్వ ముందు నిలబడి హాండిల్ పెట్టి కొద్దికొద్దిగా తిప్పేది. "ఆగు... ఇంకింత... చాలు." ఎనిమిది వాల్వులు. ఎనిమిదోది పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోదాని సందు చూడాలి. ఆరోది తెరుచుకుంటే మూడోదాన్ని. రెండూ కలిపితే తొమ్మిది రావాలి. సందులో పలచని రేకు జొనిపి చూస్తే పదిహేను థౌ ఉండాలి, అంటే అంగుళంలో వెయ్యి వంతులకు పదిహేను వంతులు. రేకు పట్టీపట్టనట్టు కదలాలి. ఈ తొమ్మిది లెక్క బాపు అన్నకు చెప్పాడు. అన్నకు ఎప్పుడూ తప్పేది. నాకు మొదటిరోజే వచ్చేసింది. "ఏడోదానికి రెండు" అని నేనంటే బాపు నవ్వి "లైటు సక్కగ పట్టు బిడ్డా" అనేవాడు. కోపం లేదు, ముద్దుగానే అనేవాడు. అందుకే అది ఆజ్ఞలా అనిపించలేదు.

షెడ్డులో పనికి చేరిన పిల్లవాడు కూడా మొదటి ఏడాది లైటే పడతాడు. నట్లే కడుగుతాడు. దాన్ని పని నేర్చుకోవడం అంటారు. రెండో ఏడు చేతికి పానా ఇస్తారు, పదేళ్లకు అతను మేస్త్రీ అవుతాడు. చదువు మాని బాల్యం పోగొట్టుకుని నేర్చిన ఆ పనిని నేను గొప్పచేయడం లేదు. కానీ లైటు అదే, కిరసనాయిలు అదే. మగపిల్లవాడు పడితే అది శిక్షణ, ఆడపిల్ల పడితే సాయం. శిక్షణకు తర్వాతి మెట్టు ఉంటుంది. సాయానికి ఉండదు. అవ్వ పద్దెనిమిదేళ్లు సాయం చేసింది.

*

ఇది మా ఒక్క ఇంటి మురిపెమో మందలింపో అనుకుంటే పొరపాటే. 1948 ఫ్యాక్టరీల చట్టం 22వ సెక్షన్ యంత్రం నడుస్తుండగా దాన్ని తుడవడం, నూనె వేయడం, సరిచేయడం స్త్రీలకు నిషేధించింది. స్త్రీలను పిల్లలతో కలిపి ఒకే వాక్యంలో పెట్టింది. 27వ సెక్షన్ మా ఊరికి ఇంకా దగ్గరిది. పత్తి ప్రెస్సింగు ఫ్యాక్టరీలో పత్తిని విడదీసే యంత్రం నడిచే చోట స్త్రీలు, పిల్లలు పనిచేయకూడదని అది చెప్పింది. అయితే పైకప్పు దాకా గానీ, ఇన్‌స్పెక్టరు రాసిచ్చిన ఎత్తు దాకా గానీ అడ్డుగోడ ఉంటే, పత్తి వేసే వైపు పనిచేయొచ్చని అంది. ప్రమాదం నిజమే, చీర కొంగు బెల్టులో పడితే ప్రాణం పోతుంది. కానీ ప్రమాదం మగవాడి చేతికీ ఉంది. యంత్రానికి కంచె కట్టమని చెప్పిన చట్టమే స్త్రీకీ యంత్రానికీ మధ్య ఇంకో గోడ కట్టింది. పత్తి ఎత్తిపోయడం గోడకు ఇవతల, యంత్రం తెలియడం గోడకు అవతల. నైపుణ్యం ఎక్కడుందో కూలీరేటు అక్కడ పెరుగుతుంది. ఈ చట్టం స్థానంలోకి తెచ్చిన కొత్త కోడ్‌ను పార్లమెంటు 2020లో ఆమోదించింది. అలవాట్లను రద్దుచేసే కోడ్ మాత్రం ఏదీ లేదు.

మోటారు కారు మొదటి దూర ప్రయాణం చేసింది ఒక స్త్రీ అని చాలామందికి తెలుసు. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ తన ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కు, దాదాపు వంద కిలోమీటర్లు, భర్త తయారుచేసిన బండి నడుపుకుంటూ వెళ్లింది. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. బ్రేకు దిమ్మెలు అరిగిపోతే చెప్పులు కుట్టే వ్యక్తి చేత తోలు కొట్టించింది. ఈ కథను సాహసంగా చెబుతారు. నాకు మాత్రం అందులో రిపేరు కనిపిస్తుంది. గొట్టం ఎక్కడ మూసుకుపోయిందో తెలియాలంటే ఆ యంత్రాన్ని అంతకుముందే ఎన్నో రోజులు దగ్గరగా చూసి ఉండాలి. ఆమె కట్నం డబ్బు కూడా ఆ బండిలోనే ఉంది. అవ్వ గొలుసులాగే.

అమెరికన్ చరిత్రకారిణి రూత్ ష్వార్ట్జ్ కోవన్ 1983లో వచ్చిన 'మోర్ వర్క్ ఫర్ మదర్' పుస్తకంలో ఇంటికి వచ్చిన యంత్రాలు స్త్రీల పనిని తగ్గించలేదని వాదించింది. కారు వచ్చాక సరుకులు తేవడం, పిల్లల్ని దింపి రావడం గృహిణి పనుల్లో చేరాయని చూపించింది. మా ఇంట్లో అవ్వ ఎన్నడూ స్టీరింగు పట్టలేదు కాబట్టి ఆ మార్పు వేరుగా వచ్చింది. గ్రీజు లుంగీలు ఉడకబెట్టి ఉతకడం, ప్రయాణం ముందురోజు రేడియేటర్‌లో నీళ్లు చూడటం, బ్యాటరీ చివరల మీద తెల్లగా పూసిన పొడిని వేడినీళ్లతో కడగడం. వంటింటికీ కారుకూ మధ్య ఉన్న ఈ పనులకు పేరు లేదు. పేరు లేనిదాన్ని ఏ సర్వే లెక్కపెడుతుంది?

*

ఆ సాయంత్రం పుస్తకం పట్టుకుపోయి అవ్వను అడిగాను. ఆమె పప్పు ఏరుతోంది.

"అవ్వా, ఈ బెల్టు ఎవరు మార్చిన్రు?"

"నేనే మార్చిన. ఇంకెవలు మారుస్తరు? మీ బాపు ఆనాడు వరంగల్ పోయిండు."

చాటలోంచి తల ఎత్తకుండానే చెప్పింది. నాయినమ్మకు ఆయాసం ఎక్కువై తెల్లారి హన్మకొండ దవాఖానకు తీసుకుపోవాలి. బాపు రాత్రి రైలుకు వస్తాడు. నీళ్లు చూద్దామని బానెట్ ఎత్తితే బెల్టు పగుళ్లిచ్చి నూలు పైకి తేలింది. అది తెగితే ఫ్యాను తిరగదు, నీళ్ల పంపు తిరగదు, డైనమో తిరగదు, దారిలో బండి మరిగిపోతుంది. డిక్కీలో కొత్త బెల్టు ఉంది. డైనమో బోల్టులు వదులు చేసి, దాన్ని ఇంజను వైపు నెట్టి, పాతది తీసి, కొత్తదాన్ని ఒక్కో ఫ్యాను రెక్క మీదుగా తిప్పి గాడిలో కూర్చోబెట్టింది. డైనమోను బయటికి లాగిపట్టడానికి బలం చాలకపోతే బట్టలు కొట్టే కర్రను సందులో పెట్టి ఒత్తిపట్టి బిగించింది. "ఏలితోని ఒత్తితె అరంగుళం పోవాలె. పోయింది."

"మరి ఎన్నడు చెప్పలేదేంది?"

"చెప్పుడేంది? అన్నం వండిన అని చెప్తనా?"

నేను డాక్టరేటు కోసం తెలంగాణ స్త్రీల మౌఖిక కథనాల మీద పనిచేశాను. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' చదివే ఆ దారిలోకి వచ్చాను. ఎందరో స్త్రీలను కలిసి "మీరేం పని చేసేవారు?" అని అడిగాను. "ఏముంటది, ఇంటిపనే" అని జవాబు వస్తే 'గృహిణి' అని రాసుకుని తర్వాతి ప్రశ్నకు పోయాను. ఆ మాట కింద ఎన్ని బెల్టులు ఉన్నాయో అడగలేదు. తప్పు వాళ్ల జవాబులో లేదు, నా ప్రశ్నలో ఉంది. ఏం పని అని కాకుండా, ఏం చెడిపోతే మీరు బాగుచేశారు అని అడిగి ఉండాల్సింది.

"బాపుకన్న చెప్పినవా?"

"చెప్పిన. ఏలితోని ఒత్తి సూసి, మంచిగనే పట్టిందే అన్నడు." కాసేపు పప్పు ఏరి మళ్లీ అంది: "మందిల మాత్రం షెడ్డోళ్లు ఏసిన్రని చెప్పిండు."

నాకు బాపు అంటే చాలా ఇష్టం. ఆయన మీద ఒక్క మాట కూడా రాయగూడదనుకునే దీన్ని ఇన్నాళ్లు రాయలేదు. ఆయన చెడ్డవాడు కాడు. భార్య చేత కారు బాగుచేయించుకున్నాడని నలుగురూ నవ్వుతారని భయపడ్డాడు. మంచివాళ్ల భయం వల్ల కూడా చరిత్రలో నుంచి పేర్లు పోతాయి. అది తెలిశాక ప్రేమ తగ్గలేదు. కాకపోతే ఆదివారాల జ్ఞాపకం ఇదివరకటి అంత తేలికగా రావడం లేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. మా నాయినమ్మకు కారంటే దొర. మనింట్లో కారేందిరా అని ఆమె మొదటి ఏడాది ఎక్కనేలేదు. మేం ఆ కారులో మార్కెట్టు ముందునుంచి పోతుంటే యార్డులో చెదిరిన పత్తి ఏరుకునే స్త్రీలు పక్కకు జరిగేవాళ్లు. మిల్లులో దుమ్ము పీల్చి దగ్గేవాళ్ల శ్రమతో పోలిస్తే అవ్వది నీడపట్టున చేసిన పని. అందరం స్త్రీలమే అని ఒక్క గాటన కట్టేస్తే వాళ్లకు మళ్లీ అన్యాయం చేసినట్టే. అయినా యంత్రం విషయానికి వచ్చేసరికి కారు ఇంటి ఆడమనిషినీ మిల్లు కూలీనీ ఒకే గోడకు ఇవతల నిలబెట్టారన్నది కూడా నిజం. ఆ గోడ అక్కడక్కడా పడుతోంది. తెలంగాణ నుంచి వెళ్లిన వి. సరిత 2015లో ఢిల్లీ రవాణా సంస్థలో మొదటి మహిళా బస్సు డ్రైవరయింది. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా సుజాతనగర్‌లో లారీ టైర్లు విప్పి పంచర్లు వేసే స్త్రీ గురించి 2021 ప్రాంతంలో పత్రికలు రాశాయి. వింతగానే రాశాయనుకోండి.

*

నేను అంబాసిడర్‌ను దాచుకోవాలనుకున్నాను. అవ్వ వద్దంది. "అమ్ముదాం. నా గొలుసు పైసలు అండ్లనే ఉన్నయి. కానీ తూకానికి కాదు, ఇంజను తిప్పి చూపెట్టి అమ్ముదాం." జ్ఞాపకంగా ఉంచుకోవాలన్న కోరిక నాది. ఆమెకు అది ఆస్తి.

కాగితాల్లో బండి ఇంకా బాపు పేరు మీదే ఉంది. యజమాని చనిపోతే వారసులు తమ పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంటుంది. అన్నా నేనూ సంతకాలు పెట్టాం. సొంత బండికి మొదటి రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు, ఆ తర్వాత అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. అదీ చేయించాం. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆర్సీ మీద అవ్వ పేరు వచ్చింది.

తర్వాత ఆదివారాలు మళ్లీ మొదలయ్యాయి. ట్యాంకులో అడుగంటిన పెట్రోలు తీసేశాం. పాయింట్లను గరుకు కాగితంతో రుద్దాం. బండి కదిలించగానే కింద 'టక్' మన్నది. అవ్వ వెంటనే "క్రాస్ పోయింది" అంది. షాఫ్టు విప్పేముందు రెండు అంచుల మీదా గుర్తు పెట్టాలి, లేకపోతే బిగించాక వణుకు వస్తుంది. చాక్‌పీసు చెరిగిపోతుందని ఆమె నా గోళ్లరంగు సీసా తెమ్మంది. కొత్త క్రాస్ కప్పుల్లో సూదుల్లాంటి బేరింగులు ఉంటాయి. ఒక్కటి పడిపోయినా పని చెడుతుంది. గ్రీజు అద్ది వాటిని నిలబెట్టడం ఆమెకు బియ్యంలో రాళ్లు ఏరినంత సులువు. బరువు మోయడానికి షెడ్డు నుంచి ఒకబ్బాయి వచ్చాడు. ఈసారి లైటు అతను పట్టుకున్నాడు. టాపెట్లు నేను చూశాను. ఏడోదానికి రెండు.

కొనడానికి వచ్చినాయన ప్రశ్నలన్నీ అన్ననే అడిగాడు. ఇంజను ఎప్పుడు విప్పారు, వెనక కమాన్ పట్టీలు మార్చారా, క్రౌను చప్పుడు ఉందా... అన్న అవ్వ వైపు చూశాడు. అవ్వ లోపలికి పోయి చిట్టా పుస్తకాలు తెచ్చి, అరుగు మీద పరిచి, ఒక్కో పద్దు మీద వేలు పెట్టి చదివింది. ఆయన తూకం రేటుకు మూడింతలిచ్చాడు. అవ్వ అడిగింది నాలుగింతలు.

నేను హైదరాబాదు వచ్చేముందు ఆమె ఆ రోజు పద్దు రాస్తుంటే చూశాను. పాలు, కూరగాయలు, కరెంటు బిల్లు. దాని కింద "బండి అమ్మిన."

చివర సున్న లేదు.